పట్టా ఊరి బయట, పని ఊరి లోపల: అమ్మ ఇల్లు కట్టుకోవాలా, అద్దెకే ఉండాలా?

కొర్లగుంట కుర్రాడు | శుక్రవారం, మధ్యాహ్నం 2:10

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మాది తిరుపతి. మా అమ్మ గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలు కట్టి అమ్ముతుంది. తెల్లవారుజామున మూడున్నరకు లేచి మార్కెట్‌కు పోయి పూలు తెచ్చుకుంటుంది. ఐదు గంటలకంతా గుడి దగ్గర కూర్చోకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. నేను లాడ్జిలో నైట్ డ్యూటీ చేస్తాను. కొర్లగుంటలో ఒకే గది. నాలుగు కుటుంబాలకు ఒకటే బాత్రూమ్. అద్దె నాలుగున్నర వేలు, కరెంటు వేరే.

2020 డిసెంబరులో రాష్ట్రమంతా ఇళ్ల పట్టాలు ఇచ్చారు కదా, అప్పుడు అమ్మ పేరు మీద ఒక సెంటు వచ్చింది. ఆ పట్టాను ప్లాస్టిక్ కవర్లో చుట్టి వెంకటేశ్వరస్వామి పటం వెనకాల పెట్టింది. ఇప్పటికీ అక్కడే ఉంది. అప్పోసప్పో చేసి పునాది వేశాం, గోడలు కిటికీ పైదాకా లేచాయి. అక్కడితో డబ్బులు అయిపోయాయి. మొన్న పోయి చూస్తే వంటిల్లు అనుకున్న చోట తుమ్మ మొక్క నడుమెత్తు పెరిగింది.

ఆ లేఅవుట్ మా గదికి 16 కిలోమీటర్లు. మూడున్నరకు బస్సు లేదు. ఆటోకు మూడు వందలు అడుగుతారు, అమ్మకు రోజంతా మిగిలేది ఐదారు వందలు. ఇప్పుడేమో కట్టుకోకపోతే పట్టా రద్దు చేస్తారని కాలనీలో అంటున్నారు. అమ్మకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. కట్టుకుంటే పని పోతుంది, వదిలేస్తే ఇల్లు పోతుంది. మీరైతే ఏం చేస్తారు?

పాత వర్క్ ఇన్‌స్పెక్టర్ | శుక్రవారం, మధ్యాహ్నం 3:35

బాబూ, ముందు టెన్షన్ పడొద్దు. నేను హౌసింగ్ పనుల్లోనే రిటైర్ అయ్యాను. కాలనీలో ఎవరో అన్న మాట పట్టుకుని ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. రాతపూర్వకంగా ఏదైనా వచ్చిందా? రాకపోతే మీ వార్డులో హౌసింగ్ పని చూసే అతన్ని కలిసి, అమ్మ ఆధార్ నంబరుతో ఇల్లు ఏ స్టేజీలో నమోదై ఉందో కనుక్కో. నువ్వు చెప్పేదాన్ని బట్టి మీ ఇల్లు రూఫ్ లెవెల్‌కు దగ్గరలో ఉంది. రికార్డులో మాత్రం బేస్‌మెంట్ లెవెల్, అంటే పునాది దగ్గరే నిలిచిపోయి ఉండొచ్చు. అదే జరిగితే మీకు రావాల్సిన బిల్లు, అంటే ప్రభుత్వం ఇచ్చే తర్వాతి విడత డబ్బు, ఇంకా అక్కడే ఉందన్నమాట. అమ్మను ఇంటి ముందు నిలబెట్టి ఫోటో తీసి, జియోట్యాగ్ చేస్తేనే తర్వాతి బిల్లు కదులుతుంది.

మీ పథకంలో ఒక్కో ఇంటికి ప్రభుత్వం పెట్టిన యూనిట్ ధర లక్షా ఎనభై వేలు. దాంతో శ్లాబు వేసి తలుపులు పెట్టడం నేటి రోజుల్లో అయ్యే పని కాదని అందరికీ తెలుసు. అందుకే సగంలో ఆగిన ఇళ్లకు 2025లో రాష్ట్ర ప్రభుత్వం అదనపు సాయం ప్రకటించింది. ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు, ఆదిమ గిరిజన తెగలకు లక్ష. మీకు వర్తిస్తుందేమో అడుగు.

ఇంకో మాట. హౌసింగ్ కార్పొరేషన్ 1979లో పుట్టింది. 1983 తర్వాత పల్లెల్లో పక్కా ఇళ్ల పని పెద్ద ఎత్తున నడిచింది. అప్పట్లో చాలా చోట్ల గుడిసె ఉన్న చోటే, లేదా ఊరి పక్కనే కాలనీ కట్టేవాళ్లం. కూలికి పోయే పొలం అదే, పిల్లల బడి అదే, బావి అదే. ఇల్లు మారినా బతుకు మారేది కాదు. పట్నాల్లో అట్లా కుదరలేదు. స్థలం ఎక్కడ దొరికితే మనిషిని అక్కడికి పొమ్మన్నాం. నా ఉద్యోగంలో నన్ను బాధపెట్టింది అదే.

ప్లాట్ల వ్యాపారి | శుక్రవారం, సాయంత్రం 5:02

సార్ చెప్పింది నిజమే కానీ స్థలం దొరకాలి కదా. తిరుపతికి ఉత్తరాన కొండ, దాని వెంట అడవి. ఊళ్లో చూస్తే దేవస్థానం స్థలాలు, యూనివర్సిటీల స్థలాలు, మఠం భూములు. మఠం భూముల్లో ఇళ్లు కట్టుకున్నవాళ్లు 22-ఎ జాబితాతో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాతో, ఎన్ని తిప్పలు పడుతున్నారో చూస్తూనే ఉన్నాం. అమ్ముకోలేరు, బ్యాంకులో పెట్టుకోలేరు. ఊరు పెరగాలంటే రేణిగుంట వైపో, చంద్రగిరి వైపో, పుత్తూరు రోడ్డు వైపో పోవాల్సిందే.

మన దగ్గర స్థలాన్ని అంకణాల్లో లెక్కేస్తాం. అంకణం అంటే 36 చదరపు అడుగులు. సెంటు అంటే సుమారు 12 అంకణాలు. లోపల రోడ్ల పక్కన ఆ 12 అంకణాలకు పలికే ధరతో ఊరి బయట పది మందికి స్థలం ఇవ్వొచ్చు. ప్రభుత్వం ఎక్కువ మందికి ఇవ్వాలనుకుంటే దూరంగానే కొంటుంది. తప్పు పట్టలేం.

అవిలాల టీచర్ | శుక్రవారం, రాత్రి 8:20

పది మందికి స్థలం ఇచ్చి, ఆ పది మందీ ప్రతిరోజూ జీవితాంతం ఆటోకు పోసే డబ్బు ఆ లెక్కలో ఎందుకు లేదు అన్నా? వాళ్ల అమ్మగారి విషయమే చూడండి. రోజుకు మూడు వందలంటే నెలకు తొమ్మిది వేలు. ఇప్పుడు కట్టే అద్దెకు రెట్టింపు. స్థలం చవకగా వచ్చింది నిజమే, మిగతా ఖర్చంతా ఆమె నెత్తిన పడింది.

చిత్తూరు ప్లీడరు | శుక్రవారం, రాత్రి 9:45

టీచరమ్మ అన్నదే 1985లో సుప్రీంకోర్టు కూడా గుర్తించింది. బొంబాయి పేవ్‌మెంట్ మీద బతికేవాళ్ల కేసు, ఓల్గా టెల్లిస్ కేసు అంటారు. వాళ్లు పేవ్‌మెంట్ మీద ఉన్నది పని దగ్గర్లో ఉందని, అక్కణ్ణుంచి తీసేస్తే జీవనోపాధి పోతుందని, జీవించే హక్కులో జీవనోపాధి కూడా ఉందని ఐదుగురు జడ్జీల బెంచ్ చెప్పింది. నోటీసు ఇచ్చి ఖాళీ చేయించడాన్ని మాత్రం కోర్టు ఆపలేదు, అదీ చెప్పాలి. 1995లో చమేలీ సింగ్ కేసులో ఇంకొంచెం ముందుకు పోయి, ఆశ్రయం అంటే తల మీద కప్పు ఒక్కటే కాదు, శుభ్రమైన గాలి, నీళ్లు, వెలుతురు, కరెంటు, పారిశుద్ధ్యం, రోడ్డు కూడా అని చెప్పింది.

మీ లేఅవుట్లో నీళ్లు, కరెంటు వచ్చాయా తమ్ముడూ?

కొర్లగుంట కుర్రాడు | శుక్రవారం, రాత్రి 10:15

కరెంటు స్తంభాలు వచ్చాయి సార్. నీళ్లు బోరే, దానికి ఒక ట్యాంకు. కాలువ తవ్వారు కానీ చివర ఎక్కడ కలపాలో తెలియక ఆపేశారు. వాన పడితే మట్టి రోడ్డు మీదే నీళ్లు నిలుస్తాయి.

అవిలాల టీచర్ | శనివారం, ఉదయం 7:30

కాలువ చివర ఎక్కడ కలపాలో తెలియదు అన్నారు చూడండి, రాత్రి ఆ మాట చదివాక నాకు నిద్ర రాలేదు. అందుకే పొద్దున్నే రాస్తున్నా.

తిరుపతిలో పేటల పేర్లు ఒకసారి పలికి చూడండి. కొర్లగుంట. తాతయ్యగుంట. తుమ్మలగుంట. మల్లయ్యగుంట. గుంట అంటే నీళ్లు నిలిచే చోటని మన పిల్లలకు కూడా తెలుసు. కొండ మీద పడిన వాన కిందికి జారి, వాగుల గుండా గుంటల్లోకి, చెరువుల్లోకి చేరి, నిండిన తర్వాత స్వర్ణముఖికి పోయేది. ఇప్పుడు గుంటల్లో ఇళ్లున్నాయి, వాగుల మీద రోడ్లున్నాయి. నీళ్లు మాత్రం పాత దారిలోనే వస్తాయి.

2021 నవంబరు మూడో వారంలో కొండ మెట్ల దారిలో కూడా వరద పారింది. ఆటోనగర్, లక్ష్మీపురం సర్కిల్, ఎం.ఆర్.పల్లి వైపు ఇళ్లన్నీ నీళ్లలో ఉన్నాయి. రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని కింది ఊళ్లవాళ్లను ఖాళీ చేయించారు. మా బడిలో పదహారు కుటుంబాలు మూడు రాత్రులు పడుకున్నాయి. ఒక పాప తన పలక, పుస్తకాలు అన్నీ తడిసిపోయాయని ఏడుస్తుంటే వాళ్ల అమ్మ పిండిన చీరనే తీసి పాపకు కప్పింది. ఆ కుటుంబానికి సొంత ఇల్లు ఉంది. పట్టా ఉంది, శ్లాబు ఉంది. కట్టింది చెరువు కడుపులో.

అందుకే నేను ఇల్లు, కాలువ, చెరువు వేరువేరు పనులుగా చూడలేను. స్థలం ఇచ్చే ముందు వాన నీళ్లు ఎటునుంచి వచ్చి ఎటు పోతాయో పాత రెవెన్యూ పటం తీసి చూడాలి. అందులో వాగులు, కుంటలు, పోరంబోకు అన్నీ గీసే ఉంటాయి. మీ లేఅవుట్‌కూ ఆ పటం అడగండి బాబూ. శ్లాబు వేసే ముందే అడగండి.

టిడ్కో మూడో అంతస్తు | శనివారం, ఉదయం 10:05

నేను టిడ్కో, అంటే పట్నాల్లో పేదలకు ఫ్లాట్లు కట్టే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ, కట్టిన ఇంట్లో ఉంటాను. రెండు మాటలు చెప్పాలి.

టిడ్కోలో 300, 365, 430 చదరపు అడుగులు అని మూడు రకాలు. 300 అడుగులది ఒక్క రూపాయికి ఇచ్చారు. మాది 365. మంచి ముందు చెప్తాను. సొంత బాత్రూమ్, సొంత వంటిల్లు, పత్రం నా పేరు మీద. మా ఆయన తాగి వచ్చి ఇంట్లోంచి పొమ్మన్నా, నేను పోవాల్సిన అవసరం లేదు. అద్దె గదిలో ఉన్నప్పుడు ఆ ధైర్యం నాకు లేదు.

కష్టం ఏమిటంటే, ఇల్లు చేతికి రాకముందే బ్యాంకు వాయిదాలు మొదలయ్యాయి. అద్దె ఒకవైపు, వాయిదా ఒకవైపు, పద్నాలుగు నెలలు రెండూ కట్టాం. నాలుగంతస్తుల బ్లాకుకు లిఫ్టు లేదు. మా అత్తమ్మకు మోకాళ్ల నొప్పి, ఎక్కితే దిగదు, దిగితే ఎక్కదు. మురుగు నీళ్లు తోడే మోటారు కాలిపోతే ఎవరు బాగు చేయించాలో నెలన్నర తేలలేదు. చివరికి ఇంటికి మూడు వందలు వేసుకున్నాం, ఇవ్వలేని వాళ్లకు మిగతావాళ్లం కలిపాం. ఇల్లు కట్టి ఇచ్చాక పదేళ్లపాటు దాన్ని ఎవరు చూసుకోవాలో కూడా ముందే రాసి ఉంటే బాగుండేది.

రేణిగుంట హాస్టల్ | శనివారం, మధ్యాహ్నం 1:40

అక్కా, మీకు పత్రం ఉంది కాబట్టి ఇదంతా మాట్లాడగలుగుతున్నారు. నేను ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తాను, మాది పీలేరు దగ్గర పల్లె. గదికి ఆరుగురం. నాకు ఇక్కడ సొంతిల్లు వద్దు, రెండు మూడేళ్లు పని చేసి పోతాను. కావాల్సింది తలుపుకు గడియ ఉన్న గది, నెలకు నేను భరించగల అద్దె. పథకాలన్నీ సొంతిల్లు అంటాయి. అద్దెకు ఉండేవాళ్లం ఎవరికీ కనబడం.

పాత వర్క్ ఇన్‌స్పెక్టర్ | శనివారం, మధ్యాహ్నం 2:30

కనబడకుండా లేరు తల్లీ, కానీ పని జరగలేదు. 2015లో మొదలైన కేంద్రం ఇళ్ల పథకం, పట్టణ ఆవాస్ యోజనలో ముందు అద్దె ఇళ్ల మాట లేదు. 2020లో వలస కూలీలు నడిచి సొంతూళ్లకు పోయిన తర్వాతే అద్దె ఇళ్ల పథకం వచ్చింది. 2024లో మొదలైన రెండో విడతలో అద్దె ఇళ్లను ఒక విభాగంగానే పెట్టారు. కూలీలు, ఫ్యాక్టరీ కార్మికులు, ఉద్యోగం చేసే ఆడపిల్లలు, విద్యార్థులు, వీళ్ల కోసం. ఆ పథకం మొత్తం మీద ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయమైతే ఒక వర్గం, ఆరు లక్షల దాకా ఇంకొకటి, తొమ్మిది దాకా ఇంకొకటి. కట్టమని అడిగే కార్పొరేషన్, స్థలం ఇచ్చే శాఖ, నడిపే సంస్థ, ముగ్గురూ కలిస్తేనే గది లేస్తుంది.

ఆర్కిటెక్చర్ విద్యార్థి | శనివారం, సాయంత్రం 6:15

అద్దె ఇళ్ల మాట వచ్చింది కాబట్టి చెప్తాను. ఆస్ట్రియాలోని వియన్నా నగరం మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఇళ్లు లేక అల్లాడింది. 1923లో ప్రత్యేకంగా ఇళ్ల పన్ను పెట్టారు. పెద్ద భవనాల వాళ్లు ఎక్కువ, చిన్న ఇళ్ల వాళ్లు తక్కువ కట్టాలి. ఆ డబ్బుతో 1934 లోపు నగరపాలక సంస్థే 60 వేలకు పైగా ఇళ్లు కట్టి అద్దెకిచ్చింది. లాండ్రీలు, పిల్లల బడులు, వైద్యం కూడా ఆ సముదాయాల్లోనే. ఇళ్లు అమ్మలేదు కాబట్టి ఇప్పటికీ నగరం చేతిలోనే ఉన్నాయి. సింగపూర్ ఇంకో దారిలో పోయింది. 1960లో ఇళ్ల బోర్డు పెట్టి, 99 ఏళ్ల లీజు మీద అమ్మింది. అక్కడ పౌరుల్లో అత్యధికులు ఆ ఇళ్లలోనే ఉంటారు.

టిడ్కో అక్క ఇంటి గురించి ఒక ప్రశ్న. గోడలు పూర్తిగా కాంక్రీటే కదా, వేసవిలో రాత్రిపూట ఎలా ఉంటుంది?

టిడ్కో మూడో అంతస్తు | శనివారం, సాయంత్రం 6:50

మే నెలలో రాత్రి పదకొండుకు గోడ మీద చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టు ఉంటుంది తమ్ముడూ. పిల్లల్ని వరండాలో పడుకోబెడతాను.

ఆర్కిటెక్చర్ విద్యార్థి | శనివారం, సాయంత్రం 7:20

కాంక్రీటు పగలంతా వేడి పీల్చుకుని రాత్రి వదులుతుంది. పైగా మీది పై అంతస్తు. అచ్చు పెట్టి కాంక్రీటు పోసే పద్ధతి తొందరగా అవుతుంది, గట్టిగా ఉంటుంది, పెద్ద సంఖ్యలో కట్టాలంటే పనికొస్తుంది. కానీ పైకప్పు మీద తెల్ల సున్నమో, తెల్ల టైల్సో వేయడం, కిటికీలకు ఎదురెదురుగా గాలి దారి, పడమటి గోడకు సన్‌షేడ్, ఇవి డిజైన్‌లోనే ఉండాలి. తర్వాత పేదవాళ్లు కూలర్లు కొని కరెంటు బిల్లుల్లో కట్టేది అదే. ఈ ఏప్రిల్‌లోపు మీ బ్లాకు పైన సున్నం కొట్టించండి అక్కా, మేం ఐదారుగురం వచ్చి పని చేస్తాం.

ప్లాట్ల వ్యాపారి | శనివారం, రాత్రి 9:10

వియన్నా సంగతి బాగుంది కానీ మన కార్పొరేషన్‌కు అంత ఆదాయం ఎక్కడిది? సింగపూర్‌లో భూమి దాదాపు అంతా ప్రభుత్వానిదే. ఇక్కడ అలా కాదు. అందుకే నేననేది, ప్రభుత్వం ఇళ్లు కట్టే పని మానుకుని రోడ్డు, నీళ్లు, డ్రైనేజీ వేసి లేఅవుట్ అనుమతులు తొందరగా ఇస్తే చాలు. అనుమతి ఆలస్యమైతేనే జనం అనుమతి లేని ప్లాట్లు కొంటారు. తర్వాత ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) అని డబ్బు కట్టించుకుని సక్రమం చేస్తారు. కొన్నవాడికి రెండుసార్లు ఖర్చు, ఊరికి మాత్రం పార్కు స్థలం రాదు.

చిత్తూరు ప్లీడరు | శనివారం, రాత్రి 10:30

ఎల్ఆర్ఎస్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ ప్రభుత్వం తప్పుకుంటే పూలమ్మే అమ్మకు ఏ బిల్డరు ఇల్లు కడతాడు? ఎవరూ కట్టరు, అందులో లాభం లేదు. అందుకే ఇది ప్రభుత్వం పనే.

ఏ ప్రభుత్వం అన్నదే అసలు ప్రశ్న. 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. పట్టణ ప్రణాళిక, మురికివాడల అభివృద్ధి, పట్టణ పేదరిక నిర్మూలన సహా 18 పనులు మునిసిపాలిటీలకు అప్పగించవచ్చని 12వ షెడ్యూలులో ఉంది. మన దగ్గర ప్లానింగ్ చాలావరకు తుడా, అంటే తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ చేతిలో ఉంది, అది 1981 నుంచి ఉన్న సంస్థ. ఇళ్లు ఒక కార్పొరేషన్, ఫ్లాట్లు ఇంకో కార్పొరేషన్, స్థలం రెవెన్యూ, బస్సు ఆర్టీసీ. లేఅవుట్ ఎక్కడ పెట్టాలో నిర్ణయించే రోజున వీళ్లందరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టే అధికారం మనం ఓటేసి గెలిపించిన కౌన్సిల్‌కు లేదు. కుర్రాడి వాళ్లమ్మకు మూడున్నర బస్సు లేకపోవడం అక్కడ మొదలైంది.

కొర్లగుంట కుర్రాడు | ఆదివారం, రాత్రి 8:40

అందరికీ థ్యాంక్స్. ఈరోజు అమ్మను బైకు మీద లేఅవుట్‌కు తీసుకుపోయాను. ఇన్‌స్పెక్టర్ సార్ చెప్పినట్టు ఇంటి ముందు నిలబెట్టి ఫోటో తీశాను. రికార్డులో మాది బేస్‌మెంట్ లెవెల్ దగ్గరే ఉంది సార్, మీరన్నది నిజం. ఒక బిల్లు రావాలి. మేం బీసీ, ఆ 50 వేలకు కూడా అర్జీ రాస్తున్నాను.

అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత తుమ్మ మొక్కను రెండు చేతులతో పట్టుకుని పీకడానికి చూసింది, రాలేదు. పక్కింట్లో ఉండే ఆమె గడ్డపార తెచ్చిచ్చింది. ఆమె ఊళ్లో ఇడ్లీ బండి పెడుతుందట, రోజూ నాలుగింటికి ఆటోలో నలుగురు కలిసి పోతారట. అప్పుడు ఇల్లిల్లూ తిరిగాను. తెల్లవారుజామున ఊళ్లోకి పనికి పోయేవాళ్లు ఆ ఒక్క లేఅవుట్లో 43 మంది ఉన్నారు. పాలు, కూరగాయలు, పూలు, హోటల్ పని, ఆసుపత్రిలో ఊడ్చే పని. అందరి సంతకాలు తీసుకున్నాను, రాయలేని వాళ్లు వేలిముద్ర వేశారు.

అమ్మ కడదామనే అంటోంది. బస్సు వచ్చేదాకా మాత్రం కొర్లగుంట గది వదలను అంది.

రేపు సోమవారం, కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. మూడు అడుగుతున్నాను. మూడుంపావుకు ఒక బస్సు, కాలువ చివర ఎక్కడ కలుపుతారో రాసివ్వడం, టీచరమ్మ చెప్పిన పటం నకలు. ఇంకేమైనా కలపాలా?

పాత వర్క్ ఇన్‌స్పెక్టర్ | ఆదివారం, రాత్రి 9:05

మూడూ మూడు వేర్వేరు అర్జీలుగా రాయి బాబూ. ఒకే కాగితంలో రాస్తే ఒక శాఖకు పోయి మిగతా రెండూ అక్కడే ఆగిపోతాయి. ప్రతిదానికీ రసీదు నంబరు అడుగు. బస్సు అర్జీలో ఆ 43 మంది ఎక్కడ దిగాలో కూడా రాయి, డిపో వాళ్లకు రూటు వేయడానికి అదే ఆధారం.

ప్లాట్ల వ్యాపారి | ఆదివారం, రాత్రి 9:30

ఆ చుట్టుపక్కల పటాలు నా దగ్గర ఉన్నాయి తమ్ముడూ. సర్వే నంబరు పంపు, నకలు రేపు పొద్దున తెచ్చిస్తాను.

టిడ్కో మూడో అంతస్తు | ఆదివారం, రాత్రి 9:50

మా మోటారు అర్జీ కూడా రేపే ఇస్తాను. పదింటికి గేటు దగ్గర ఉంటాను, నీలం చీర. మీ అమ్మను కూడా తీసుకురా.